ట్యూబులైటు వణికిన చోటు

మా చీమకుర్తిలో గెలాక్సీని
చదరపు అడుగుల లెక్కన అమ్ముతారు.
నల్లరాతిలో బంగారు నలుసులున్నందుకు
ఎవరో పెట్టిన పేరు.
లారీ క్లీనరుకి కూడా నోరు తిరిగిన మాట.
"రెండు గెలాక్సీ, ఒకటి స్టీల్ గ్రే" అని
కాటా దగ్గర కేకేసి చెబుతాడు.

నేను చదివేది ఇంకో రకం.
దానికి బేరం రాదు.

ఆరు నెలలుగా ఒకే ఒక్క చక్రం నా కంప్యూటర్లో.
పేరు లేదు, నంబరుంది.
మనకేసి ముఖం పెట్టి తిరుగుతుంది,
పెనం మీద అట్టంత బల్లపరుపుగా.
ఆ తిరుగుడంతా లెక్కగట్టి తీసేశాక
మిగలాల్సింది సున్నా.

సున్నా మిగల్లేదు.
ఒక పట్టీ ఎర్రగా, దాని పక్కది నీలంగా,
మళ్లీ ఎర్రగా.
ఎర్రనివి మన నుంచి అవతలికి మునుగుతున్నవి,
నీలివి మనవైపు లేస్తున్నవి.
సెకనుకు పది కిలోమీటర్లు, అటూ ఇటూ.
తప్పు నాదే అనుకున్నా.
వాలు ఒక డిగ్రీ మార్చా, రెండు మార్చా,
రాత్రి రెండింటికి లేచి మళ్లీ మొదటికి తెచ్చా.
మడత పోలేదు.

జూన్ వడగాడ్పుకి కరెంటు పోయింది.
జనరేటరుంటుందని ఎదురు ఫ్యాక్టరీకి
ల్యాప్‌టాప్ చంకలో పెట్టుకుని పోయా.
పాలిష్ లైను చివర ఖాజావలి,
మోకాళ్లదాకా మడిచిన ప్యాంటు,
రాతిబురద ఆరి బూడిదరంగైన కాళ్లు,
పలకను చూస్తున్నాడు.
పలకను కాదు,
పలకలో పడ్డ ట్యూబులైటుని,
తల వాల్చి, ఒక కన్ను మూసి.

"ఏంది మామా అట్టా చూస్తన్నావ్?"

"ఎదురుగా నిలబడితే ప్రతి రాయీ చదునేనమ్మా.
ఈడికొచ్చి అంచులోంచి చూడు.
లైటు తిన్నగుందా?"

ఉంది, ఉంది,
చివర జానెడు మిగిలిందనగా
నీటిపాములా పక్కకి జరిగింది.

"అదీ. రెండు మిల్లీమీటర్లు లేచింది.
ఇంక ఇది కంటైనరెక్కదు."

ఎందుకు లేచిందో వెంటనే చెప్పలేదు.
తడిగుడ్డతో ఆ మూల తుడిచాడు,
బిడ్డ మూతి తుడిచినట్టు.
"రాయి తప్పు గాదు.
కోసేటప్పుడు పక్కనించి క్రేను పోయినా
బ్లేడు వణుకుద్ది.
క్రేను ఎళ్లిపోద్ది.
వణుకు ఇందులో ఉండిపోద్ది."

నా బొమ్మ చూపించా.
ఆయన తెరకి ఎదురుగా నిలబడలేదు,
తెరని వెనక్కి వాల్చి
అంచులోంచి చూశాడు.
"ఎంత రాయి ఇది?"
"లక్ష కాంతి సంవత్సరాలు."
"అడుగుల్లో చెప్పు."
చెప్పలేకపోయా.
"సరే, దీని పక్కనించి పోయిన క్రేను ఏదీ?"

మూడు రాత్రులు వెతికా.
ఫొటో అంచున ఒక మసక మరక.
అదే కావచ్చు. కాకపోనూవచ్చు.
వ్యాసంలో కూడా "కావచ్చు" అనే రాశా,
ఆ ఒక్క మాట పెట్టడానికి పదకొండు పేజీలు.

ఇంకోరోజు చెప్పా ఆయనకి,
మన పలకా చదును కాదు మామా,
అంచులు ఒకపక్క లేచి ఒకపక్క వాలాయి,
మన సూర్యుడు ఇప్పుడు నడిమట్టానికి కొంచెం పైనున్నాడు,
ఇంకా పైకే పోతున్నాడు
సెకనుకు ఏడు కిలోమీటర్లు,
మనల్నీ, కాటానీ, రామతీర్థం క్వారీ గుంటల్నీ
వెంటేసుకుని.

"మరి దిగేదెప్పుడు?"
"కోటేళ్లు పైనే పట్టుద్ది."
"అప్పటికి గుంటలు పూడుస్తార్లే,"
అన్నాడు, నవ్వకుండా.

కంటైనరెక్కని ఆ పలక
ఇప్పుడు తిరుపాలమ్మ టీ కొట్టులో బల్ల.
తుడిచిన నీళ్లు ఆ మూలకి ఎక్కవు,
వెనక్కి జారి నా మోచేతిని తడుపుతాయి.
అక్కడే పెట్టా గ్లాసుని.
గ్లాసు వాలింది, టీ వాలలేదు,
గాజులో తన గీత తను తిన్నగా గీసుకుంది.
తల వంచి, ఒక కన్ను మూసి
అంచులోంచి చూస్తున్నా.

"ఏందమ్మా," అంది తిరుపాలమ్మ,
"ఈగ గానీ పడిందా?"